ఫ్యూజు అవ్వ చేతికొచ్చిన ఎండాకాలం

ఈ ఎండాకాలం మా ఏసీ అలిగింది. కాసేపు చల్లగా ఊదేది, ఒంటికి హాయి అనిపించేలోపే మేడ మీది డబ్బా మూగబోయేది. గదిలోని ఫ్యాను మాత్రం ఏమీ ఎరగనట్టు ఉక్కగాలి విసురుతూ ఉండేది. మళ్లీ బుద్ధి పుట్టినప్పుడు మొదలయ్యేది, మళ్లీ ఆగేది. మా ఆయనకు యంత్రాల దగ్గర ఓపిక తక్కువ, మనుషుల దగ్గర ఇంకా తక్కువ. కరీంనగర్‌లో మేముండే వీధి చివరి దుకాణం నుంచి మెకానిక్‌ను పిలిపించారు. అతను మేడెక్కి, డబ్బా మూత విప్పి, మీటరు పెట్టి చూసి, చేతులు తుడుచుకుంటూ కిందికి దిగాడు. "కంప్రెసర్ మంచిగనే ఉన్నది సార్. జాలీ అంత దుమ్ముతోని మూసుకపోయింది. వేడి బయటికి పోతలేదు. అందుకని ఓవర్‌లోడ్ కొట్టేస్తుంది" అన్నాడు. ఓవర్‌లోడ్ అంటే కంప్రెసర్ నెత్తి మీద కూర్చునే నల్లటి చిన్న బిళ్ల. వేడి హద్దు మీరితే కరెంటు ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ వదులుతుంది. అంటే మా ఏసీ అలగలేదు, తనను తాను కాపాడుకుంటోంది.

"ఎండలు గిట్ల కొడుతుంటే ఇప్పుడు గా కడుగుడు పెట్టుకుంటవా? బిళ్ల తీసేసి డైరెక్ట్ ఇచ్చెయ్ రాదు" అన్నారు మా ఆయన. అతను నవ్వాడు. "ఇస్తే నడుస్తది సార్. కాలిపోయేదాంక నడుస్తది" అని, నన్ను చూసి నీళ్ల పైపు ఎక్కడుందని అడిగాడు. జాలీ కడిగి వెళ్లాడు. సాయంత్రానికి గది ఎంత చల్లబడిందంటే, మా ఆయన దుప్పటి కప్పుకొని, ఏసీని తానే బాగు చేసినంత నిబ్బరంగా పడుకున్నారు. నాకు మాత్రం 'డైరెక్ట్' అన్న మాట చెవిలోనే ఉండిపోయింది. ఆ మాట నేను మొదటిసారి విన్నది శ్రీరాంపూర్‌లో, బొగ్గు కంపెనీ క్వార్టర్లో, మా సుగుణక్క బాలింతగా ఉన్న ఎండాకాలంలో.

మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు, నాన్నను బాపు అంటారు, అమ్మను అవ్వ అంటారు. మా బాపు బాయిలో ఎలక్ట్రీషియన్. పొద్దుగాల షిఫ్టుకు చీకటి విడవకముందే టిఫిను డబ్బా పట్టుకొని పోయేవాడు, ఎండ వాలుతుండగా వచ్చేవాడు. ఎంత రుద్ది కడిగినా కళ్ల అంచుల్లో బొగ్గు సన్నగా మిగిలిపోయేది. పండక్కి కాటుక పెట్టించుకుని వచ్చాడని అక్కా నేనూ ఆటపట్టించేవాళ్లం. ఆయన చొక్కా నుంచి బొగ్గు, చెమట, ఇన్సులేషన్ టేపు కలిసిన ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ ఏ దుకాణంలోనైనా ఆ నల్ల టేపు చుట్ట వాసన తగిలితే, పక్కన ఎవరున్నారో మరిచిపోయి ఒక్క క్షణం నిలబడిపోతాను.

కంపెనీ క్వార్టర్లలో కరెంటుకు బిల్లు లేదు. అందువల్ల మా లైన్లో, అంటే మా క్వార్టర్ల వరుసలో, పొయ్యి అంటే కరెంటు పొయ్యే. మట్టి పలకలో వంకరటింకర గాడులు, వాటిలో చుట్టలు చుట్టిన తీగ, స్విచ్చి వేస్తే ఎర్రగా కణకణలాడేది. అన్నం దాని మీదే, చాయ దాని మీదే. చలికాలం మా ఆదిలాబాద్ చలి సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. అప్పుడు ఆ పొయ్యినే నడింట్లోకి తెచ్చి, చుట్టూ చేరి, దాని ఎదుట పల్లికాయలు వేయించుకుని తినేవాళ్లం. వేడెక్కిన తీగ మీద దుమ్ము మాడే వాసన, పల్లికాయల వాసన కలిసి ఇల్లంతా ఉండేది. ఎండాకాలం రాగానే పొయ్యి వంటింట్లోకి పోయి కూలర్ కిటికీలోకి వచ్చేది. మంచిర్యాలలో రేకులు కోయించి, ఇనుప స్టాండు వెల్డింగ్ చేయించి, మోటరు తానే బిగించి బాపు చేసిన కూలర్ అది. కొత్త గడ్డి వేసి నీళ్లు వదిలిన మొదటి రోజు వాసన ఉంటుందే, తొలకరి వాసన కంటే నాకు అదే ఎక్కువ ఇష్టం. ఈ మాట బయట అంటే నన్ను అదోలా చూస్తారని తెలుసు, అయినా ఇష్టమే.

బాపు ఇంట్లో కూడా బాయి నియమాలే నడిపేవాడు. కూలర్లో నీళ్లు పోయాలంటే ముందు ప్లగ్గు పీకాలి. నడుస్తున్న కూలర్‌ను ఎవరూ ముట్టకూడదు. తానే ముట్టవలసి వస్తే అరచేత్తో కాక వేళ్ల వెనకవైపుతో తాకి చూసేవాడు. కరెంటుంటే అరచెయ్యి పట్టుకుని వదలదు, వెనకవైపైతే చెయ్యి తనంతట తానే విడిపోతుందట. ఏదైనా విప్పాలంటే మెయిన్ దగ్గరి పింగాణీ ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. ఫ్యూజు ఎవరు తీస్తే వాళ్ల దగ్గరే ఉండాలి, వాళ్లే మళ్లీ పెట్టాలి. కింద బాయిలో మనిషి తీగలు పట్టుకుని ఉండగా పైన ఇంకెవరో తెలియక కరెంటు వదలకుండా ఆ పద్ధతి. ఒకసారి పొద్దున్నే ఏదో స్విచ్చి సరిచేసి, ఫ్యూజు జేబులోనే మరిచిపోయి బాయి దిగిపోయాడు. మా ఇంటి కరెంటు భూమి లోపలికి వెళ్లిపోయింది. అన్నం లేదు, ఫ్యాను లేదు. మేం పక్కింటి అరుగు మీద చతికిలపడి సాయంత్రం దాకా ఎదురు చూశాం. అవ్వ ఆయనను గుమ్మంలోనే ఆపి, జేబులో చెయ్యి పెట్టి ఫ్యూజు లాక్కుంది. ఆ రోజు లైనంతా నవ్వింది.

అన్నిటికన్నా అవ్వకు గిట్టనిది ఎర్తింగు గుంత. పెరట్లో మునగచెట్టు పక్కన బాపు గుంత తవ్వి, ఉప్పూ బొగ్గుపొడీ నింపి, అందులో పైపు పాతి, కూలర్ డబ్బా నుంచి దానికి తీగ కట్టాడు. ఎండాకాలం రోజూ దానికి బిందెడు నీళ్లు పోయాలి. ఎండాకాలం నల్లా నీళ్లంటే మా లైన్లో యుద్ధమే. "మనుషులకే తాగ నీళ్లు లేవంటే గీ గుంతకు పోసుడేంది? దీనికి దూప తీరేదెప్పుడు?" అని అవ్వ గొణిగేది. "పొయ్యవే. అడుగకు" అనేవాడు బాపు. ఆయన ఎప్పుడూ అంతే. పొయ్యి, ముట్టకు, జరుగు. అంతకు మించి చెప్పేవాడు కాదు, అవ్వ కూడా అడిగి అడిగి మానేసింది.

అక్క అత్తగారిది ఖానాపూర్. కిందటి ఎండాకాలం అక్కడే ఆమెకు తొలిచూలు కొడుకు పుట్టి, ఎండదెబ్బకు జ్వరమొచ్చి దక్కకుండా పోయాడు. రెండో కాన్పుకు అవ్వ పట్టుబట్టి మా ఇంటికి తెచ్చుకుంది. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. ఏడిస్తే పిల్లికూన గొంతు. దవాఖానలో నర్సమ్మ పిల్లను అవ్వ ఒళ్లో పెడుతూ ఒకటే మాట చెప్పింది. "గీ పొల్లకు ఉడుకు తగలొద్దు. వానలు పడేదాంక చల్లగ ఉంచుండ్రి." అవ్వకు ఆ రోజు నుంచి వేరే పని లేదు. పక్కింటి నుంచి పిల్లలను పడుకోబెట్టే ఇనుప తొట్టెల అడిగి తెచ్చి, మెత్తని పాత చీరలు పరిచి, కూలర్ గాలి సూటిగా తగిలేచోట, స్టాండుకు ఆనించి పెట్టింది. కూలర్ నడుస్తున్నంతసేపు పిల్ల నిద్రపోయేది. ఆగితే మొహం కందిపోయి, ఆ చిన్న గొంతుతోనే ఏడుపు లంకించుకునేది.

అలాంటి రోజుల్లో ఫ్యూజు పోవడం మొదలైంది. బాపు సన్నని ఫ్యూజు తీగ కడతాడు, అది కొంతసేపు ఆగి మళ్లీ పోతుంది. ఒక పొద్దున షిఫ్టుకు వెళ్లబోతూ ఆయన తీగ కట్టి, కూలర్ నీళ్లలోని మోటరు వైపు అనుమానంగా చూశాడు. "కూలర్ నడపకుండ్రి. డ్యూటీ నుంచి వచ్చినంక మోటరు ఇప్పి చూస్త" అన్నాడు.

"నువ్వు వచ్చేదాంక పొల్ల ఉండద్దా?" అంది అవ్వ. "లైన్ల అందరి కూలర్లు నడుస్తున్నయ్. మనదొక్కదానికే గీ రోగమేంది? జర లావు తీగ కట్టరాదు."

"అద్దు."

"నీకు ఫ్యూజు ముఖ్యమా, పొల్ల ముఖ్యమా?"

షిఫ్టు సైరన్ మోగడంతో బాపు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. కొంచెం పొద్దెక్కేదాకా అవ్వ ఓర్చుకుంది. రేకుల కప్పు కింద ఇల్లు కాగసాగింది, పిల్ల ఏడుపు మొదలైంది. అవ్వ కూలర్ స్విచ్చి వేసింది, ఫ్యూజు టప్పుమని పోయింది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి ఇంట్లో ఉన్న పక్కింటి మల్లేశంను పిలిచింది. ఆయన బాయిలో బొగ్గు టబ్బులు నడిపేవాడు, కరెంటు పని కొంచెం చూసినవాడు. "గింతే గద వదినె, డైరెక్ట్ పెడ్త" అని, ఒక వైరు చీల్చి, రాగి పోగులు నాలుగైదు కలిపి మెలిపెట్టి ఫ్యూజులో బిగించాడు. కూలర్ భోరున నడిచింది. పిల్ల నిద్రపోయింది. అవ్వ మల్లేశంకు చాయ పోసింది. ఆ పూట ఆమె మొహంలో గెలుపు చూశాను, అబద్ధం చెప్పను, నాకూ సంతోషమే అయింది.

మిట్టమధ్యాహ్నం. అక్క మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. కూలర్ కింద నేల ఎప్పుడూ తడిగానే ఉండేది. పిల్ల కదిలిందని అక్క మంచం దిగి, ఆ తడి మీద ఒట్టి కాళ్లతో నిలబడి, తొట్టెల అంచు పట్టుకుంది. పట్టుకున్నదీ, వెనక్కి విసిరేసినట్టు గోడకు తగిలి పడ్డదీ ఒక్కసారే జరిగాయి. అరుపు కూడా రాలేదు. అవ్వ ఎలా తెలుసుకుందో తెలుసుకుంది, అక్క దగ్గరికి కాకుండా మెయిన్ దగ్గరికి ఉరికి పిడి కిందికి గుంజేసింది. కూలర్ ఫ్యాను రెక్కలు నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగాయి. అక్క గోడకు ఆనుకుని, కరెంటు తగిలిన చెయ్యి పట్టుకుని, "అవ్వా, పొల్ల" అంది.

పిల్ల ఆ ఇనుప తొట్టెలలో కదలకుండా ఉంది. కరెంటు ఆపేశామని మాకు తెలుసు. అయినా ముగ్గురం తొట్టెల చుట్టూ నిలబడి ఒక్కరం ముట్టలేకపోయాం. చివరికి అవ్వ చెయ్యి తిప్పి, బాపులాగా వేళ్ల వెనకవైపుతో ఇనుమును తాకింది. మళ్లీ తాకింది. అప్పుడు పిల్లను ఎత్తి గుండెకు హత్తుకుంది. పిల్ల ఆవలించింది. కింద పరిచిన పొడి చీరల మందమే దాన్ని కాపాడింది. అక్క వేలికొసలు రెండు కమిలాయి. నేను ఆ తర్వాత చాలా రోజులు ఆ గదిలోకి చెప్పులు లేకుండా పోలేదు.

బాపు వచ్చాడు. అక్క చెయ్యి చూశాడు, మెయిన్ దగ్గరికి పోయి ఫ్యూజు పీకి చూశాడు. కేకలేస్తాడని నేను గోడవారకు జరిగాను.

"ఎవలు పెట్టిన్రు గీ తీగ?"

"నేనే పెట్టిచ్చిన. మల్లేశంను ఏమనకు" అంది అవ్వ.

ఆయన స్నానం కూడా చేయకుండా కూర్చుని మోటరు విప్పాడు. లోపల చుట్టిన తీగకు పూత ఊడిపోయింది. కరెంటు నీళ్లలోకి, నీళ్ల నుంచి డబ్బాకు, డబ్బా స్టాండు నుంచి తొట్టెలకు దిగుతోంది. తర్వాత పెరట్లోకి వెళ్లి గుంత దగ్గర మట్టి నలిపి చూసి వచ్చాడు. మట్టి సున్నంలా పొడిపొడిగా ఉంది. "డబ్బకు కరెంటు దిగినప్పుడల్ల గీ గుంత దాన్ని భూమిలకు గుంజుకుంటుంది. గప్పుడు ఫ్యూజు కొట్టేయాలె. కొట్టేసింది గూడ. నువ్వు లావు తీగ పెట్టిచ్చినవ్, కొట్టేయలే. పొద్దంత కరెంటు పోయి పోయి గుంత ఎండింది. ఇగ పోను తొవ్వ లేక డబ్బల్నే నిలబడ్డది" అన్నాడు.

"గీ ముచ్చట ముందుగాల్నే చెప్తే నేను పెట్టిద్దునా?" అంది అవ్వ. గొంతులో కోపం లేదు, నీరసం ఉంది.

బాపు విప్పిన మోటరును పక్కకు జరిపాడు. "బాయి దిగిన మొదటి రోజే మమ్ముల కూసోబెట్టి అంత చెప్పిండ్రు. ఏది ఎందుకున్నది, తీస్తే ఏమైతది అని. ఇంట్ల మీకు ముట్టకుండ్రి అని ఒక్కటే చెప్పిన" అన్నాడు.

"ఇగ నేర్పు. నువ్వు కిందికి పోయినంక మీది ఇల్లు నాదే గద" అంది అవ్వ.

మోటరు మంచిర్యాలకు వైండింగుకు పోయింది. అది వచ్చేదాకా కిటికీలకు తడి గోనెసంచులు కట్టి, అక్కా అవ్వా వంతులవారీగా విసనకర్ర పట్టి పిల్లను గట్టెక్కించారు. ఇనుప తొట్టెల తిరిగి వెళ్లిపోయింది, దూలానికి చీర ఉయ్యాల వచ్చింది. ఆ రోజుల్లోనే అవ్వ చదువు సాగింది. బాపు ఫ్యూజు తీగ ఒక పోగు మాత్రమే కట్టించి, ఎందుకు ఒకటో చెప్పేవాడు. ఫ్యూజు పోతే ఇంట్లోవన్నీ పీకేసి, ఒక్కొక్కటే పెట్టి చూడమనేవాడు. "ఏది పెడ్తె కొట్టేసిందో, దొంగ గదే. గా దొంగను పట్టకుండ ఇంకో తీగ కట్టకు." అవ్వ మసక చీకట్లో కూడా బియ్యంలో రాళ్లు ఏరగల మనిషి, ఆ సన్నతీగ ఆమె వేళ్లలో చక్కగా ఒదిగేది. పీకిన ఫ్యూజు పెట్టుకోవడానికి ఆమెకు జేబు లేదు, రొంటిన దోపుకునేది. మగవాళ్లు బాయిలో ఉండగా లైన్లో ఎవరింట్లో దీపం ఆరినా వదినె అని అవ్వ కోసమే వచ్చేవాళ్లు. గుంతకు నీళ్లు పోయడం కూడా ఆమే నా చేత చేయించేది. నేను గొణిగితే ఎందుకో ఓపికగా చెప్పేది.

ఇప్పుడు మా కరీంనగర్ ఇంట్లో అవన్నీ గోడలోనే ఉన్నాయి. నీళ్ల హీటరు మరిగితే తనే ఆగుతుంది, ఎక్కడ కరెంటు కారినా బోర్డులో మీట తనే పడిపోతుంది, ఏసీ తన జబ్బును అంకెల్లో తనే చెప్పుకుంటుంది. మంచిదే. ఈ రోజుల పిల్లలు తడి చేతులతో ఫ్రిజ్ తెరిచినా ఏమీ కాకపోవడం చూస్తే నాకు ఎంతో నిశ్చింతగా ఉంటుంది. కాకపోతే ఆ బిళ్ల 'ఆగు' అన్నప్పుడు మనం విసుక్కునేది ఒక వస్తువు మీద. అప్పుడు ఇంట్లో ఒక మనిషి 'ఆగు' అనవలసి వచ్చేది. కన్నబిడ్డ ఎదురుగా ఏడుస్తుంటే, పక్కింటివాళ్లు నిష్ఠూరమాడుతుంటే అనవలసి వచ్చేది. అది ఎంత బరువో నేను ఒక్క మధ్యాహ్నం చూశాను.

మోటరు బాగై వచ్చిన తర్వాత, ఇంకా వానలు పడని రోజుల్లో, మళ్లీ ఫ్యూజు పోయింది. బాపు బాయిలో ఉన్నాడు. అవ్వ అన్నీ పీకి, ఒక్కొక్కటే పెట్టి చూసింది. కూలర్ పెట్టగానే కొట్టేసింది. ఫ్యాను వేసినా రేకుల కింది ఉడుకుగాలే కొడుతుందని, ఎవరూ మళ్లీ కూలర్ వేయకుండా ఆమె ఫ్యూజు పీకి రొంటిన దోపుకుంది. ఎండకు రేకులు పెనంలా కాగుతున్నాయి. పిల్ల ఏడుపు విని మల్లేశం వచ్చాడు. ఈసారి ఆయన మాటా న్యాయంగానే ఉంది. "వదినె, తొట్టెల గూడ లేదాయె. గీ ఒక్క పూట డైరెక్ట్ పెడ్త. కూలర్ను ఎవలు ముట్టకుండ నేనే కావలి కూసుంట" అన్నాడు.

"అద్దు తమ్మీ" అంది అవ్వ.

అక్క లేచి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. "పెట్టియ్యే అవ్వా. ఒకడు పోయిండు. గిది గూడ పోతె నేను బతుక."

"ఆగు బిడ్డా. బాపు వస్తడు."

"నీ కడుపున పుట్టిందైతే గిట్లనే అందువా?" అంది అక్క. అవ్వ చేతులు మాత్రం ఆగలేదు. తడిబట్ట పిండి పిల్ల ఒంటి మీద పరచడం, తీయడం, మళ్లీ తడపడం. విసిరి విసిరి ఆమె చెయ్యి వాచింది. మల్లేశం చూడలేక వెళ్లిపోయాడు. కొంతసేపటికి పిల్ల ఏడుపు మానేసింది. అది ఏడుపు కంటే భయంగా ఉంది. అవ్వ వంగి దాని రొమ్ము మీద చెవి పెట్టి వినేది, మళ్లీ విసిరేది.

షిఫ్టు దిగే సైరన్ మోగింది. నేను దారిలోకి ఉరికి బాపును లాక్కొచ్చాను. ఆయన కూలర్ వెనక చెయ్యి పోనిచ్చి వెతికాడు. రేకు అంచుకు ఒరుసుకుని వైరు తొక్క ఊడి ఉంది. దాన్ని కోసి, కలిపి, టేపు చుట్టి, అంచుకు తగలకుండా కట్టాడు. తర్వాత మెయిన్ దగ్గర నిలబడి అవ్వ వైపు చూశాడు. పీకింది ఆమె, పెట్టవలసింది ఆమే. అవ్వ రొంటి నుంచి ఫ్యూజు తీసి పెట్టింది. కూలర్ కదిలింది. తడిగాలి ఉయ్యాల చీరను ఊపింది. పిల్ల కళ్లు తెరిచి, నోరు చప్పరించి, పాల కోసం రాగం తీసింది. అక్క దాన్ని ఎత్తుకుని అవ్వ భుజం మీద తల పెట్టింది.

అవ్వ మెల్లగా విడిపించుకుని వంటింట్లోకి వెళ్లింది. అక్క కరెంటు తగిలి పడ్డ రోజు కూడా కన్నీరు పెట్టని మనిషి, పొయ్యి ముందు కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బాపు గుమ్మంలో నిలబడ్డాడు. "ఏందే, గిప్పుడు ఏడ్సుడేంది? పొల్ల మంచిగనే ఉన్నది గద" అన్నాడు.

"మంచిగ లేకుంటే?" అంది అవ్వ.

బాపు ఆ బొగ్గు బట్టలతోనే లోపలికి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.